రిపోర్టులో డెల్టా25 వచ్చింది, ఇంకేం చూడాలి? ఎంవైబీపీసీ3 వేరియంట్ల వర్గీకరణపై ఒక కేస్ స్టడీ

38 ఏళ్ల పురుషుడు. మెట్లెక్కితే ఆయాసం, ఒకసారి స్పృహ తప్పి పడిపోయాడు. బీపీ లేదు, అయోర్టిక్ వాల్వ్‌లో లోపం లేదు. ఎకోలో రెండు జఠరికల మధ్య గోడ మందం 19 మి.మీ. వచ్చింది. పెద్దవాళ్లలో ఆ మందం 15 మి.మీ. లేదా అంతకు మించి ఉండి, దానికి వేరే కారణం కనిపించకపోతే హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి (హెచ్‌సీఎం) అంటాం. జన్యు పరీక్షకు పంపితే రిపోర్టులో ఒకే ఒక్క వేరియంట్ (జన్యువు అక్షరక్రమంలో తేడా) వచ్చింది: ఎంవైబీపీసీ3 జన్యువులో సి.3628-41_3628-17డెల్ (వాడుకలో డెల్టా25), హోమోజైగస్ (రెండు ప్రతుల్లోనూ ఉంది), ‘వ్యాధికారకం’. కింద సలహా: రక్తసంబంధీకులందరికీ ఈ డిలీషన్ పరీక్ష చేయించండి.

ఆ సలహా పాటిస్తే ఈ కుటుంబంలో కనీసం ఇద్దరికి తప్పు జవాబు అందుతుంది. ఎందుకో చెప్పడానికే ఈ వివరణంతా. కుటుంబ వివరాలు ఏ ఒక్క రోగివీ కావు, వర్గీకరణ తర్కం కనిపించేలా కూర్చినవి. వేరియంట్ల గురించి చెప్పినవి మాత్రం ప్రచురితమైన విషయాలు.

డెల్టా25 చరిత్ర

ఎంవైబీపీసీ3 గుండె కండరంలోని మయోసిన్ బైండింగ్ ప్రొటీన్-సి తయారీకి సూచన. 11వ క్రోమోజోమ్ పొట్టి చేతి మీద, మైనస్ స్ట్రాండ్‌పై (డీఎన్ఏ జంట పోగుల్లో ఎదురు దిశ పోగు) ఉంటుంది. హెచ్‌సీఎంలో ఎక్కువగా దోషిగా తేలే రెండు జన్యువుల్లో ఇదొకటి, రెండోది ఎంవైహెచ్7. జన్యువులో సందేశంలోకి మిగిలే ముక్క ఎక్సాన్, మధ్యలో కత్తిరించి పారేసేది ఇంట్రాన్, ఆ కత్తిరించి అతికే పనే స్ప్లైసింగ్. ఎక్సాన్ 33కి ముందున్న ఇంట్రాన్ 32లో 25 బేస్‌లు (డీఎన్ఏ అక్షరాలు) లేకపోవడాన్నే డెల్టా25 అంటున్నాం. స్ప్లైసింగ్‌కు అవసరమైన బ్రాంచ్ పాయింట్ ప్రాంతం అందులో పోతుంది. దాంతో ఎక్సాన్ 33 జారిపోయి, ప్రొటీన్ చివరి సీ10 డొమైన్ మారిపోతుందని తొలి పరిశోధనలే చూపించాయి.

2003లో భారతీయ కుటుంబాల్లో నివేదించిన ఈ డిలీషన్‌ను 2009లో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న పెద్ద అధ్యయనం ముందుకు తెచ్చింది. రోగులనూ ఆరోగ్యవంతులనూ పోలిస్తే ఆడ్స్ రేషియో (రోగుల్లో ఈ డిలీషన్ ఉండే అవకాశం ఆరోగ్యవంతులకంటే ఎన్ని రెట్లన్న కొలత) 6.99, 95% విశ్వాస అవధి (అసలు విలువ ఉండగల పరిధి) 3.68 నుంచి 13.57. భారత ఉపఖండ జనాభాలో ఈ డిలీషన్ దాదాపు 4% మందిలో ఉందని కూడా ఆ అధ్యయనమే చెప్పింది. తర్వాతి అంచనాలు 4 నుంచి 8% మధ్య ఉన్నాయి. ఆ పని అప్పటికి చాలా విలువైనది. మన జనాభాలోని ఒక వేరియంట్‌ను ప్రపంచం గమనించింది. చిక్కంతా ఆ సంఖ్యను క్లినికల్ రిపోర్టులోకి ఎలా అనువదించారన్న దగ్గరే వచ్చింది.

ఫ్రీక్వెన్సీ లెక్క

వేరియంట్ల వర్గీకరణకు అమెరికాలోని ఏసీఎంజీ, ఏఎంపీ సంస్థలు ఇచ్చిన 2015 మార్గదర్శకాల్లో 28 ప్రమాణాలున్నాయి. పీతో మొదలయ్యే ప్రమాణాలు వ్యాధికారకం వైపు, బీతో మొదలయ్యేవి నిరపాయం వైపు సాక్ష్యాలు. వేరియంట్ ఎంత అరుదన్నది అందులో మొదటి జల్లెడ. ‘అరుదు’ అంటే ఎంత అన్నది వ్యాధిని బట్టి మారుతుంది కాబట్టి, లెక్క కట్టాకే గీత గీయాలి. 2017లో వచ్చిన సూత్రం ఇది: వ్యాధి ప్రాబల్యాన్ని, ఒకే వేరియంట్ వల్ల రాగల కేసుల గరిష్ఠ వాటాతో గుణించాలి, దాన్ని పెనెట్రెన్స్‌తో (వేరియంట్ ఉన్నవారిలో జబ్బు వచ్చే వాటా) భాగించాలి, వచ్చినదాన్ని మళ్లీ రెండుతో భాగించాలి. మనిషికి రెండు ప్రతులు కాబట్టి ఆ చివరి రెండు.

హెచ్‌సీఎం 500 మందిలో ఒకరికి, ఒక్క వేరియంట్ వాటా గరిష్ఠంగా 2%, పెనెట్రెన్స్ 50% అనుకుంటే 0.002 × 0.02 ÷ 0.5 ÷ 2 = 0.00004, అంటే 0.004%. డెల్టా25 అల్లీల్ ఫ్రీక్వెన్సీ (జనాభాలోని ఈ జన్యువు ప్రతులన్నింటిలో దీని వాటా) దక్షిణాసియా వారిలో దాదాపు 3%. అనుమతించగల పరిమితికి ఇది 750 రెట్లు. వర్గీకరణ నియమాలు రూపొందించే క్లిన్‌జెన్ సంస్థ కార్డియోమయోపతి బృందం 2018లో ఎంవైహెచ్7కు పెట్టిన గీతలు తీసుకున్నా (0.02% దాటితే బలమైన నిరపాయ ప్రమాణం బీఎస్1, 0.1% దాటితే బీఏ1) డెల్టా25 నేరుగా బీఏ1లో పడుతుంది. బీఏ1 ఒక్కటి ఉంటే చాలు, వేరియంట్ ‘నిరపాయం’.

ఇక్కడ జనం చేసే పొరపాటు ఒకటుంది. ప్రపంచ సగటు ఫ్రీక్వెన్సీ చూసి ఊరుకుంటారు. డెల్టా25 దక్షిణాసియా బయట చాలా అరుదు కాబట్టి సగటులో పలచబడిపోతుంది. నోమ్యాడ్‌లో (ప్రపంచ జనాభాల వేరియంట్ డేటాబేస్) జనాభాల వారీ గరిష్ఠాన్నే చూడాలి. దానితోపాటు ఇండిజెన్ వంటి భారతీయ డేటా కూడా తెరవాలి. అందులో 1,029 మంది పూర్తి జీనోమ్‌లున్నాయి.

3% అంటే ఎంతో మన రాష్ట్రాల లెక్కలో చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో ఇప్పటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కలిపి దాదాపు 8.46 కోట్లు. ఇదే ఫ్రీక్వెన్సీ ఇక్కడా ఉందనుకుంటే ఒక ప్రతి ఉన్నవాళ్లు దాదాపు 49 లక్షలు, రెండు ప్రతులూ ఉన్నవాళ్లు 76 వేలు. మేనరికాలను లెక్కలోకి తీసుకుంటే రెండో సంఖ్య ఇంకా పెరుగుతుంది. ‘వ్యాధికారకం’ అని రాసే ముందు ఆ మాట అర కోటి మందికి వర్తిస్తుందని గుర్తుండాలి.

రెండు బలమైన సాక్ష్యాలు ఎదురెదురుగా

ఇప్పుడు అసలు చిక్కు. రోగుల్లో ఆడ్స్ రేషియో 5 దాటి, విశ్వాస అవధిలో 1 లేకపోతే పీఎస్4 అనే బలమైన వ్యాధికారక ప్రమాణం ఇవ్వవచ్చని 2015 మార్గదర్శకాలే చెబుతున్నాయి. 6.99 ఆ గీత దాటింది. స్ప్లైసింగ్ చెడుతోందని ప్రయోగం కూడా చెప్పింది కాబట్టి పీఎస్3 (ప్రయోగ సాక్ష్యానికిచ్చే ప్రమాణం) కూడా ఇవ్వవచ్చని కొందరు వాదిస్తారు. ఒకవైపు పీఎస్4, పీఎస్3. మరోవైపు బీఏ1.

ఇలాంటి చోట సగటు తీసి ‘అర్థం తేలని వేరియంట్’ అని రాయడం సులువు. అది జవాబు కాదు. రెండు బలమైన సాక్ష్యాలు ఎదురుపడ్డాయంటే వాటిలో ఒకటి మనం అనుకున్న వస్తువును కొలవడం లేదని అర్థం.

ముందు 6.99ని మనిషి స్థాయిలో విప్పాలి. 6% మంది వాహకులు (కనీసం ఒక ప్రతి ఉన్నవారు), జనాభా మొత్తంలో హెచ్‌సీఎం 0.2%, వాహకులకు ముప్పు ఏడు రెట్లు అనుకుంటే వాహకుడికి హెచ్‌సీఎం వచ్చే అవకాశం దాదాపు 1% వస్తుంది. ఆ సంఖ్యను యథాతథంగా నమ్మినా 100 మంది వాహకుల్లో 99 మందికి జబ్బు రాదు. ఒక్క ప్రతితో వ్యాధి తెచ్చే మెండీలియన్ వేరియంట్‌కు వాడే ‘వ్యాధికారకం’ అన్న మాట దీనికి సరిపోదు.

రోగులనూ ఆరోగ్యవంతులనూ పోల్చే కేస్-కంట్రోల్ అధ్యయనం కొలిచేది క్రోమోజోమ్ ముక్కను. డెల్టా25 గుర్తించిన ప్రతిచోటా దానితోపాటు చుట్టుపక్కల వేల బేస్‌లు వారసత్వంగా వస్తాయి. ఆ ముక్కలో కొన్నింటి మీద మరో హానికర మార్పు ఎక్కి కూర్చుంటే, నేరం దానిది, పేరు డెల్టా25ది అవుతుంది. 2020లో 5,393 మంది హెచ్‌సీఎం రోగుల సీక్వెన్స్‌లను హాప్లోటైప్‌ల (ఒకే క్రోమోజోమ్ మీద కలిసి వచ్చే మార్పుల జట్లు) వారీగా విడదీసిన అధ్యయనంలో తేలింది సరిగ్గా ఇదే. డెల్టా25 ఉన్నవారిలో చిన్న వర్గానికి అదే క్రోమోజోమ్ మీద సి.1224-52జి>ఏ అనే అరుదైన మార్పు (ఇకపై -52) కూడా ఉంది. డెల్టా25కు ఆపాదించిన ముప్పంతా ఆ ఉమ్మడి హాప్లోటైప్ ద్వారానే వస్తోంది. డెల్టా25 ఒక్కటే ఉన్నవారికి అదనపు ముప్పు లేదు. -52 మార్పు ఆ రోగుల్లో దాదాపు 1% మందిలో కనిపించింది, దక్షిణాసియా బయటివారిలో కూడా.

కాబట్టి పీఎస్4ను డెల్టా25 ఖాతాలోంచి తీసి -52 ఖాతాలో వేయాలి. పీఎస్3 కూడా నిలవదు. ఆర్ఎన్ఏలో మార్పు కనిపించడం, ఆ మార్పు రోగం తేవడం వేర్వేరు విషయాలు. లక్షలాది వాహకులు ఆరోగ్యంగా ఉన్నప్పుడు స్ప్లైసింగ్ ప్రయోగాన్ని వ్యాధికి రుజువుగా చూపలేం. పైగా వ్యాధికారక వేరియంట్‌తో ఒకే క్రోమోజోమ్ మీద కనిపిస్తోంది కాబట్టి బీపీ2 కూడా డెల్టా25కు వర్తిస్తుంది. హెచ్‌సీఎం విషయంలో డెల్టా25 నిరపాయం అన్నదే మా నిర్ణయం.

-52 ఎందుకు కనిపించలేదు

ఈ రోగి ప్యానెల్‌లో (ఎంచుకున్న జన్యువుల పరీక్ష) -52 లేదని రాయలేదు. అసలు దాని ప్రస్తావనే లేదు. చూడలేదా, చూస్తే లేదా అన్నది రిపోర్టు నుంచి తెలియదు.

చాలా ల్యాబ్‌ల పైప్‌లైన్ (విశ్లేషణ సాఫ్ట్‌వేర్ వరుస) ఎక్సాన్‌తోపాటు ఇరువైపులా 10 లేదా 20 బేస్‌ల వరకే వేరియంట్లను గుర్తిస్తుంది. -52 ఆ హద్దు బయట. డెల్టా25లోనూ ఎక్కువ భాగం ఆ హద్దు బయటే, కానీ దాన్ని పేరు పెట్టి వెతుకుతారు కాబట్టి వస్తుంది. అయితే డీఎన్ఏ ముక్కల పొడవు 200 నుంచి 300 బేస్‌లు ఉంటుంది, ఎక్సాన్‌ను పట్టే ప్రోబ్‌లు పక్క ఇంట్రాన్‌ను కూడా కొంత లాక్కొస్తాయి. కాబట్టి -52 దగ్గర రీడ్‌లు (యంత్రం చదివిన డీఎన్ఏ ముక్కలు) చాలాసార్లు ఫైల్లో ఉండనే ఉంటాయి, బెడ్ ఫైల్ (ఏ ప్రాంతాలు చూడాలో చెప్పే జాబితా) కత్తిరించడం వల్ల వీసీఎఫ్‌లోకి (తేలిన వేరియంట్ల జాబితా) రావు. కొత్త పరీక్షకు డబ్బు కట్టించే ముందు ల్యాబ్‌ను బ్యామ్ ఫైల్ (రీడ్‌లన్నీ ఉండేది) అడగాలి.

ఐజీవీలో (రీడ్‌లను తెర మీద చూపే సాఫ్ట్‌వేర్) ఆ స్థానం తెరిచినప్పుడు ఒక విషయం మరవకూడదు. జన్యువు మైనస్ స్ట్రాండ్ మీద ఉంది కాబట్టి తెర మీద జి>ఏ కాకుండా సి>టి కనిపిస్తుంది. జి నుంచి ఏ కోసం వెతికితే దొరకదు. రీడ్‌ల లోతు కనీసం 20 ఉండాలి, రెండు దిశల రీడ్‌లూ ఉండాలి, సగానికి దగ్గరగా మార్పు కనిపించాలి. లోతు 8 లేదా 9 ఉంటే ‘లేదు’ అని రాయకూడదు, ‘తేల్చలేం’ అని రాసి శాంగర్ సీక్వెన్సింగ్ (ఆ ఒక్క ముక్కను విడిగా చదివే పద్ధతి) చేయాలి.

మన రోగి బ్యామ్‌లో ఆ స్థానంలో 31 రీడ్‌లు, వాటిలో 14 మార్పుతో ఉన్నాయి. ఇంట్రాన్ 13 చివరి భాగాన్నీ ఎక్సాన్ 14నూ కలిపి 350 బేస్‌ల ముక్కగా పెంచి శాంగర్‌తో రెండు దిశల్లోనూ ధ్రువీకరించాలి. ప్రైమర్ (ముక్కను పెంచడానికి అతికించే చిన్న డీఎన్ఏ) కింద తెలిసిన ఎస్ఎన్‌పీ (ఒక్క బేస్ తేడా) ఉందేమో ముందే చూసుకోవాలి. ఉంటే ఒక ప్రతి పెరగక హెటరోజైగస్ (ఒక ప్రతిలోనే మార్పు) కాస్తా నార్మల్‌గా కనబడుతుంది.

డెల్టా25ను కూడా మళ్లీ చూశాం. 25 బేస్‌ల డిలీషన్ రీడ్ చివర పడితే అలైనర్ (రీడ్‌లను జీనోమ్‌తో సరిపోల్చే సాఫ్ట్‌వేర్) దాన్ని డిలీషన్‌గా చూపదు, కొసను కత్తిరించి వదిలేస్తుంది. అందువల్ల హోమోజైగస్, హెటరోజైగస్ మధ్య తికమక వస్తుంది. పీసీఆర్ చేసి 3% అగరోజ్ జెల్‌లో నడిపితే 25 బేస్‌ల తేడా కంటికే కనిపిస్తుంది: హోమోజైగస్ అయితే చిన్న బ్యాండ్ ఒక్కటే, హెటరోజైగస్ అయితే రెండు.

-52 వర్గీకరణ

మార్పు ఎలా పనిచేస్తుందో కాగితం మీదే లెక్క వేయవచ్చు. -52లో జి స్థానంలో ఏ వస్తే, పక్కనున్న -51 జితో కలిసి ‘ఏజి’ అవుతుంది. ఇంట్రాన్ ముగిసి ఎక్సాన్ మొదలయ్యే చోట కణం చదివే గుర్తు అదే. అప్పుడు ఎక్సాన్ 14 అసలు చోట కాక -50 దగ్గరే మొదలై, 50 అదనపు బేస్‌లు సందేశంలోకి వస్తాయి. 50ని 3తో భాగిస్తే 2 మిగులుతుంది, ఫ్రేమ్ (మూడేసి బేస్‌లుగా చదివే వరుస) చెదురుతుంది, కొద్ది దూరంలోనే స్టాప్ (ప్రొటీన్ తయారీ ఆపే గుర్తు) పడుతుంది: పి.ఎస్ఈఆర్408ఎఫ్ఎస్*31. ఆ స్టాప్ చివరి ఎక్సాన్‌కు ఎంతో ముందుంది, కాబట్టి ఆ ఆర్ఎన్ఏను కణమే నాశనం చేస్తుందని అంచనా. ఎంవైబీపీసీ3లో ఒక ప్రతి నష్టమే హెచ్‌సీఎంకు కారణమన్నది స్థిరపడిన విషయం.

ప్రచురిత ఆర్ఎన్ఏ పరిశీలనలు కూడా ఈ 50 బేస్‌లు చేరడాన్ని చూపాయి. కాబట్టి 2023 నాటి స్ప్లైసింగ్ మార్గదర్శనం ప్రకారం పీవీఎస్1ను (జన్యువును పనిచేయకుండా చేసే మార్పులకిచ్చే ప్రమాణం) ఆర్ఎన్ఏ ఆధారంగా వాడొచ్చు. బలం ఎంత? హానికర ప్రతి నుంచి సరైన ఆర్ఎన్ఏ కొంతైనా వస్తోందేమోనన్న అనుమానం పూర్తిగా పోయేదాకా దాన్ని ‘అతి బలమైన’ స్థాయి నుంచి ‘బలమైన’ స్థాయికి ఒక మెట్టు దించడమే సబబు. స్ప్లైస్‌ఏఐ (స్ప్లైసింగ్‌ను అంచనా వేసే సాఫ్ట్‌వేర్) స్కోరు చూసి పీపీ3ని (కంప్యూటర్ అంచనాకిచ్చే ప్రమాణం) కూడా కలపకూడదు. ఆర్ఎన్ఏ ప్రయోగం చేతిలో ఉన్నాక అదే సంగతికి అంచనాతో మరో పాయింట్ ఇవ్వడం ఒకే సాక్ష్యాన్ని రెండుసార్లు లెక్కించడమే.

పీఎం2 (జనాభాలో అరుదన్న ప్రమాణం) దగ్గర ఆగాలి. నోమ్యాడ్ వెర్షన్ 2లో ‘ఈ వేరియంట్ లేదు’ అని చూసి అరుదు అని పాయింట్ ఇచ్చేవాళ్లున్నారు. ఆ వెర్షన్‌లో దక్షిణాసియా వారంతా ఎక్సోమ్ (ఎక్సాన్లను మాత్రమే చదివే) విభాగంలోనే ఉన్నారు, జీనోమ్ విభాగంలో ఆ వర్గమే లేదు. ఎక్సోమ్‌లో -52 సరిగా కవర్ కాదు. అంటే అక్కడ ‘లేదు’ అన్నది ‘చూడలేదు’తో సమానం. పూర్తి జీనోమ్‌లున్న తర్వాతి వెర్షన్, ఇండిజెన్ చూశాక మాత్రమే పీఎం2 గురించి మాట్లాడాలి. ఈ కేసులో పీఎం2 వాడలేదు.

పీఎస్4 పూర్తి బలంతో వస్తుంది. 2018 ఎంవైహెచ్7 నిబంధనల ప్రకారం సంబంధం లేని 15 మంది రోగులుంటే ‘బలమైన’ స్థాయి. 5,393 మందిలో దాదాపు 1% అంటే ఆ గీతకు ఎంతో పైన.

పాయింట్ల పద్ధతిలో బలమైన ప్రమాణానికి 4. పీవీఎస్1 ఆర్ఎన్ఏ 4, పీఎస్4 4, మొత్తం 8. 6 నుంచి 9 వరకు ‘బహుశా వ్యాధికారకం’, 10, ఆపైన అయితే ‘వ్యాధికారకం’. కుటుంబంలో వేరియంట్‌తోపాటు జబ్బు నడిస్తే పీపీ1తో ఇంకా పెంచవచ్చు.

కుటుంబం

తండ్రి, 66 ఏళ్లు: డెల్టా25 హెటరోజైగస్, -52 ఉంది. గోడ మందం 14 మి.మీ., కానీ పదేళ్లుగా బీపీ.
తల్లి, 61: డెల్టా25 హెటరోజైగస్, -52 లేదు. ఎకో మామూలు.
చెల్లెలు, 34: డెల్టా25 హెటరోజైగస్, -52 ఉంది. ఈసీజీలో టి తరంగాలు తలకిందులు, గోడ 13 మి.మీ.
తమ్ముడు, 31: డెల్టా25 హెటరోజైగస్, -52 లేదు. ఈసీజీ, ఎకో మామూలు.

మొదటి రిపోర్టు సలహా పాటించి డెల్టా25 మాత్రమే పరీక్షిస్తే చెల్లెలికీ తమ్ముడికీ అక్షరం పొల్లుపోకుండా ఒకే ఫలితం వస్తుంది. చెల్లెలు తండ్రి నుంచి డెల్టా25, -52 రెండూ ఉన్న క్రోమోజోమ్ తీసుకుంది. తమ్ముడు తల్లి నుంచి డెల్టా25 ఒక్కటే ఉన్న క్రోమోజోమ్ తీసుకున్నాడు. ఆమెకు జీవితాంతం పర్యవేక్షణ కావాలి, అతనికి అక్కర్లేదు. తల్లికి కూడా అక్కర్లేదు. డెల్టా25 ఫలితం చేతికిస్తే తల్లీ కొడుకులిద్దరూ ఆరోగ్యంగా ఉండి కూడా గుండె రోగుల జాబితాలోకి వెళ్తారు. ఉద్యోగం, ఆటలు, ఇన్సూరెన్స్, పెళ్లి సంబంధం, అన్నింటి మీదా ఆ ముద్ర పడుతుంది. ఇంకోవైపు డెల్టా25 లేకుండా -52 ఒక్కటే ఉన్న కుటుంబాల్లో ఇదే పరీక్ష చేస్తే నిజమైన రోగికి ‘ఏమీ లేదు’ అని వస్తుంది.

రెండు మార్పులూ ఒకే క్రోమోజోమ్ మీద ఉన్నాయా అన్న ప్రశ్నకు ఈ రోగి విషయంలో వేరే పరీక్ష అవసరం లేదు. అతనికి డెల్టా25 రెండు ప్రతుల్లోనూ ఉంది, -52 ఏ ప్రతి మీదున్నా పక్కన డెల్టా25 ఉండే తీరుతుంది. హెటరోజైగస్ రోగుల్లో మాత్రం ఈ రెండు చోట్ల మధ్య దాదాపు పది వేల బేస్‌ల దూరం ఉంది, 150 బేస్‌ల రీడ్‌లు ఆ దూరాన్ని దాటలేవు. తల్లిదండ్రుల నమూనాలైనా, పొడవైన ముక్కలు చదివే లాంగ్-రీడ్ సీక్వెన్సింగైనా కావాలి. అయితే వైద్యానికి కావలసింది -52 ఉందా లేదా అన్నది మాత్రమే. ఆ జవాబు కోసం ఫేజింగ్ (ఏ మార్పు ఏ క్రోమోజోమ్ మీదుందో తేల్చడం) దాకా ఆగనవసరం లేదు.

పీపీ1 ఇవ్వలేదు. తండ్రి గోడ మందానికి బీపీ కూడా కారణం కావచ్చు కాబట్టి ఆయన్ను రోగిగా లెక్కించలేం. చెల్లెలు ఒక్కతే మిగులుతుంది, ఒక మియోసిస్ (వేరియంట్ తర్వాతి తరానికి చేరిన ఒక సందర్భం). సహాయక స్థాయికే కనీసం మూడు కావాలి.

రక్తంలో ఆర్ఎన్ఏ చూద్దామని కొందరు అడుగుతారు. ఈ జన్యువు ప్రధానంగా గుండెలో పనిచేస్తుంది, రక్తంలో దాని ఆర్ఎన్ఏ ఆనవాళ్లే ఉంటాయి. నెస్టెడ్ పీసీఆర్‌తో పట్టొచ్చు కానీ చెడ్డ ఆర్ఎన్ఏ ముందే నాశనమై ఉంటుంది. కణాలను పెంచి, ఆ నాశనాన్ని ఆపే సైక్లోహెక్సిమైడ్ వంటి నిరోధకం వాడకుండా చేస్తే ‘మార్పు లేదు’ అనే తప్పుడు ఫలితం వస్తుంది.

రిపోర్టు ఎలా రాశాం

“ఎంవైబీపీసీ3 సి.1224-52జి>ఏ, హెటరోజైగస్, బహుశా వ్యాధికారకం (పీవీఎస్1 ఆర్ఎన్ఏ బలమైన, పీఎస్4). రోగి హెచ్‌సీఎంకు ఇది కారణమని భావిస్తున్నాం. బంధువులకు ఈ వేరియంట్ మాత్రమే పరీక్షించాలి. ఎంవైబీపీసీ3 సి.3628-41_3628-17డెల్, హోమోజైగస్, నిరపాయం. దీని ఆధారంగా బంధువులను పరీక్షించరాదు.”

చివరి వాక్యం తప్పనిసరి. ‘నిరపాయం’ అని రాసి వదిలేస్తే పాత రిపోర్టు పట్టుకుని ఇంకో ల్యాబ్ డెల్టా25కే బంధువులను పరీక్షిస్తుంది.

-52 ఉన్న పెద్దలకు ఈసీజీ, ఎకో 3 నుంచి 5 ఏళ్లకొకసారి, పిల్లలకూ కౌమారంలో ఉన్నవారికీ ఏడాది లేదా రెండేళ్లకొకసారి. చెల్లెలికి 13 మి.మీ. ఇప్పటికే ఉంది, హెచ్‌సీఎం రోగి దగ్గరి బంధువుల్లో ఆ మందమే జబ్బుగా లెక్క కాబట్టి ఆమెను నేరుగా కార్డియాలజిస్టుకు అప్పగించాలి. మేనరికం సంబంధం అనుకుంటున్న చోట ఇద్దరికీ -52 పరీక్ష చెప్పాలి. ఈ జన్యువు రెండు ప్రతులూ చెడిన శిశువుల్లో పుట్టిన వారాల్లోనే తీవ్రమైన కార్డియోమయోపతి వస్తుంది.

డెల్టా25తో వచ్చే మరో మార్పు డీ389వీ గురించి కూడా అడుగుతుంటారు. 2018లో అమెరికాలోని దక్షిణాసియా సంతతివారిపై జరిగిన అధ్యయనంలో 6% మందికి డెల్టా25 ఉంటే, వారిలో పదో వంతుకు డీ389వీ కనిపించింది. అంటే 0.6% మంది, అల్లీల్ ఫ్రీక్వెన్సీ 0.3%. 0.1% గీత దాటిపోయింది. గుండె కణాల ప్రయోగాల్లో తేడా కనిపించినా దీన్ని ఒంటరిగా హెచ్‌సీఎంకు కారణంగా రాయలేం. డెల్టా25 పడిన ఉచ్చులోనే ఇదీ పడే ప్రమాదముంది, దీనికి కూడా మొదట అడగాల్సింది -52 సంగతే.

ల్యాబ్‌లు చేయాల్సిన పని మరొకటి ఉంది. బెడ్ ఫైల్‌ను ఇంట్రాన్ 13లో కనీసం -100 దాకా పెంచాలి. అదే ఇంట్రాన్‌లో -80 దగ్గర, -21 దగ్గర కూడా స్ప్లైసింగ్‌ను చెడగొట్టే మార్పులు నివేదితమయ్యాయి. ఆ తర్వాత పాత డేటాబేస్‌లో డెల్టా25ను ‘వ్యాధికారకం’ అనో ‘ముప్పు పెంచేది’ అనో రాసిన రిపోర్టులన్నీ వెలికితీసి, వాటి బ్యామ్ ఫైళ్లలో -52 చూసి, సవరించిన రిపోర్టును పంపించిన డాక్టరుకు తేదీతో సహా అందజేయాలి.